చిరాకు ముంచుకొచ్చినప్పుడు ఓపిక, దయ నిలుపుకోవడం ఎలా?

ఓపిక ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే నేను ముందు గడియారం గురించే చెబుతాను. మత బోధకులు కాబోతున్న ప్రిన్స్‌టన్ విద్యార్థులపై జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేసిన పరిశోధన 1973లో వెలువడింది. ప్రసంగం ఇవ్వడానికి పక్క భవనానికి వెళ్తుంటే దారిలో ఒక మనిషి కూలబడి, దగ్గుతూ మూలుగుతుంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయపడబోయారు. 'ఇప్పటికే ఆలస్యమైంది' అని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. దయ లేక కాదు, తొందరలో దానికి చోటు దొరకలేదు.

1. తొందర తగ్గించుకోండి. పావుగంట ముందే బయల్దేరండి. పనికీ పనికీ మధ్య కాస్త ఖాళీ ఉంచండి. అప్పుడు క్యూలో ముందున్నావిడ చిల్లర వెతుక్కుంటున్నా మీకు ఒళ్లు మండదు. మిగతా మెట్లన్నీ కలిపినా దీనికి సాటిరావని నా నమ్మకం. నిద్ర చాలని రోజున, ఆకలి మీద ఉన్నప్పుడు ఏ వాదనా పెట్టుకోకండి.

2. ఒంట్లో మార్పును పసిగట్టండి. దవడ బిగుసుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఐదారుసార్లు చాలు.

3. ఇంకో కారణం ఊహించండి. మనం ఆలస్యంగా వస్తే ట్రాఫిక్ అంటాం, ఎదుటివాళ్లు వస్తే నిర్లక్ష్యం అంటాం. ఎదుటివాళ్ల పరిస్థితి చూడకుండా స్వభావాన్నే తప్పుపట్టే ఈ పొరపాటుకు లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో 'ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్' అని ఒక పేరే పెట్టారు. 'రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నారేమో', 'ఇంట్లో ఏదో టెన్షన్ ఉందేమో' అనుకోండి. ఆ ఊహ నిజం కాకపోవచ్చు. అయినా కోపం కాస్త దిగుతుంది, మాట మారుతుంది.

4. సమస్య గురించే మాట్లాడండి, మనిషిని అనకండి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారనుకోండి. "ఇది మూడోసారి చేయడం, నాకు విసుగ్గా ఉంది. తప్పు మీది కాదని తెలుసు. ఇప్పుడు ఏం చేయొచ్చో చెప్పండి" అనొచ్చు. రోజంతా తిట్లు వినే మనిషికి ఆ ఒక్క మాట ఎంత ఊరటో!

అలాగని అన్నీ భరించమని నేను చెప్పను. ఎవరైనా పదేపదే అవమానిస్తుంటే గొంతు పెంచకుండానే "ఇలా మాట్లాడితే నేను ఉండను" అని చెప్పి లేచి వచ్చేయండి.

5. నోరు జారితే ఆ రోజే సారీ చెప్పండి. 'కానీ నువ్వు కూడా' అని తోక తగిలించకండి. పిల్లల మీద అరిచినప్పుడూ అంతే. "నేను అలా అరవాల్సింది కాదు" అని చెప్పి, ఫోన్ పక్కనపెట్టి, వాళ్లు మామూలుగా మాట్లాడేదాకా దగ్గర కూర్చోండి.