సీక్వెల్‌లో వీరమాతను సహాయపాత్రగా రాయడం ఎలా?

ఫాంటసీ యానిమేకు (జపాన్ యానిమేషన్‌కు) కొనసాగింపు కథ రాసేవారు మొదటి కథలోని వీరనారిని తల్లిగా చూపవలసి వచ్చినప్పుడు, చాలాసార్లు ఆమెను వంటింటికి పరిమితం చేస్తారు, లేదా పిల్లల్లో పగ రగిలించడం కోసం ఆరంభంలోనే చంపేస్తారు. ఈ రెండు దారులూ వదిలి ఆ పాత్రను నిలబెట్టాలనుకునేవారు, జపాన్ చిత్రకథల రచయిత్రి రుమికో తకహాషి ‘ఇనుయాషా’లోని సాంగోను, 2020 అక్టోబరులో మొదలై రెండు సీజన్లుగా వచ్చిన సీక్వెల్ ‘యశహిమే’లోని సాంగోను పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందుగా, పాత కథ ఆమెకు మిగిల్చినవేమిటో రాసుకోండి. సాంగో రాక్షసులను సంహరించే వృత్తిలో పుట్టింది. ఆ కథలోని ప్రతినాయకుడు నరాకు కుట్రలో తన ఊరినీ తండ్రినీ కోల్పోయింది. నరాకు గుప్పిట్లో చిక్కిన తమ్ముడు కొహాకు కోసం కథ పొడవునా పోరాడింది. సీక్వెల్‌లో ఆ తమ్ముడే రాక్షస సంహారకులకు నాయకుడు, ఆమె కొడుకు హిసుయి అతని దళంలో ఒకడు. తుడిచిపెట్టుకుపోయిన వృత్తి మళ్లీ చిగురించిందన్న సంగతిని ఒక్క సంభాషణ కూడా లేకుండా ఈ ఏర్పాటే చెబుతుంది కాబట్టి, తల్లి చేత గతాన్ని ఏకరువు పెట్టించవలసిన అవసరం ఉండదు.

తరువాతి ప్రశ్న అన్నిటికన్నా కీలకమైనది: ఇంత సమర్థురాలు తానే ఎందుకు బయలుదేరదు? ‘యశహిమే’లో మొదటి కథ నాయకానాయికలైన ఇనుయాషా, కగోమే నల్లముత్యంలో బందీలయ్యారు, మరో తల్లి రిన్ కాలవృక్షంలో నిద్రపోతోంది, అందువల్ల వారి పిల్లలు ఒంటరిగా తిరగడానికి కారణం దొరికింది. సాంగోకు అటువంటి బంధనమేదీ లేదు. స్వేచ్ఛగా ఉన్న ఆ ఒక్క తల్లికి కథ ఇంకా ఎక్కువ చోటు ఇవ్వవలసిందని నా గట్టి అభిప్రాయం. మీ కథలో ఆమె ఇంటి దగ్గరే ఉంటే, ఊరి కాపలానో, పాత గాయమో, కొత్తవారికి శిక్షణనో, ఏదో ఒక బాధ్యత ఆమెను కట్టిపడేయాలి; ఆ బాధ్యతను వదిలి వస్తే జరిగే నష్టం చదువరికి కనిపించాలి.

పోరాట సన్నివేశం ఒక్కటైనా ఉండాలి గాని, అది పిల్లల విజయాన్ని లాక్కోకూడదు. సాంగో ఆయుధం హిరాయికొత్సు, రాక్షసుల ఎముకలతో చేసిన పెద్ద బూమరాంగ్. దాన్ని విసరడం అందరి కంటా పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పట్టుకోవడంలోనే అసలు పనితనమంతా ఉంది. కొడుకు విసిరినది గురి తప్పి పక్కకు వస్తోందనుకోండి. తల్లి అరడుగు పక్కకు జరిగి చేయి చాస్తుంది, ఆ ఊపుకు ఆమె మడమలు మట్టిని చీల్చుకుంటూ వెనక్కి జారతాయి, ఆయుధం మాత్రం చేతిలో నిలుస్తుంది. ఆపై ఏమీ అనకుండా కొడుకు మణికట్టును కాస్త లోపలికి తిప్పి, ఆయుధాన్ని తిరిగి అతని చేతికిస్తుంది. ఆమె నైపుణ్యం చెక్కుచెదరలేదనీ, అది ఇప్పుడు నేర్పే పనిలో పడిందనీ ఈ ఒక్క ఘట్టంతో తెలిసిపోతుంది.

ఇటువంటి ఘట్టాన్ని పతాక సన్నివేశానికి చాలా ముందే ఉంచండి. చివరి యుద్ధంలో కొడుకు అదే మణికట్టు తిప్పి విసిరినప్పుడు తల్లి అక్కడ లేకపోయినా, ఆమె పేరు ఎవరూ పలకకపోయినా, చదువరికి ఆమె గుర్తుకొస్తుంది.