ఓడ కథ రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: అభిమానం ఎక్కడ పుట్టింది?

పోయిన మూడు పాఠాల్లో ఓడ కొలతలు, ఇంజిన్లు, ప్రయాణాల తేదీలు ఎలా సేకరించాలో చూశాం. ఈసారి కొలతలకు అందని సంగతి. ఒక ఓడ పేరెత్తితే చాలు, జనం కథలు మొదలుపెడతారు. దానికంటే పెద్దదీ వేగమైనదీ అదే దారిలో తిరిగినా దాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు వెతకడం కూడా సాధన చేస్తే వచ్చే పనే.

మొదట ఒక జాగ్రత్త. పేరు వేరు, అభిమానం వేరు. టైటానిక్ పేరు వినని మనిషి ఉండడు. కానీ అది 1912 ఏప్రిల్‌లో తొలి ప్రయాణంలోనే మునిగిపోయింది. దాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కి అలవాటుపడ్డ ప్రయాణికుడంటూ ఎవరూ లేరు. దానికంటే ముందు పుట్టిన ఒలింపిక్ 1911 నుంచి 1935 దాకా తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను మోసింది, 1918లో ఒక జర్మన్ జలాంతర్గామిని ఢీకొట్టి ముంచింది. 'నమ్మకమైన ముసలిది' అని ముద్దుపేరు కూడా తెచ్చుకుంది. టైటానిక్ మీద మనకున్నది ఎక్కువగా కుతూహలం, కొంత దుఃఖం. ఒలింపిక్ మీద దాని మనుషులకున్నది అభిమానం. నోటుబుక్కులో ఈ రెండింటికీ వేరువేరు పేజీలు పెట్టుకోండి, కలపొద్దు.

ఇక అసలు పద్ధతి. దాదాపు ఒకేలాంటి రెండు ఓడలను పక్కపక్కన పెట్టండి. కంపెనీ, దారి, కట్టిన చోటు ఒకటే అయితే తేడా ఎక్కడ వచ్చిందో వెతకడం తేలిక. నేనెప్పుడూ ఇచ్చే ఉదాహరణ క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్. రెండూ స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో, ఓడలు కట్టే జాన్ బ్రౌన్ యార్డులో పుట్టినవే. రెండూ క్యునార్డ్ కంపెనీ తరఫున సౌతాంప్టన్, న్యూయార్క్‌ల మధ్య తిరిగాయి. ఎలిజబెత్ కాస్త పెద్దది, డిజైన్ కూడా మెరుగైంది. మేరీకి 24 బాయిలర్లు కావాల్సి వస్తే, ఎలిజబెత్‌కు 12 సరిపోయాయి. కాగితం మీద చూస్తే తర్వాత పుట్టిన ఎలిజబెత్‌కే మార్కులు ఎక్కువ. అయినా జనం గుండెల్లో చోటు మేరీదే.

కారణం కోసం ఓడ నీటిలోకి దిగకముందుకు వెళ్ళాలి. మేరీకి ఇంకా పేరు పెట్టలేదు, యార్డులో దాన్ని 534 అనే నంబరుతోనే పిలిచేవాళ్ళు. ఆర్థిక మాంద్యం దెబ్బకు 1931 డిసెంబరులో పని ఆగిపోయింది. వేలమంది కూలి పోయింది. రెండేళ్ళకు పైగా ఆ సగం ఓడ ఊరి ఇళ్ళ కప్పుల మీదుగా కనిపిస్తూ, తుప్పు పడుతూ నిలబడింది. ఆ ఊరివాళ్ళకు అది గొప్పవాళ్ళ విలాసం కాదు, తమ ఇంట్లో పొయ్యి వెలగడానికీ ఆరిపోవడానికీ సంబంధించిన విషయం. క్యునార్డ్, దాని పోటీదారు వైట్ స్టార్ కంపెనీలు కలిసిపోవాలన్న షరతు మీద బ్రిటిష్ ప్రభుత్వం అప్పు ఇచ్చాక, 1934 ఏప్రిల్‌లో కార్మికులు బ్యాగ్‌పైపుల వెనక నడుచుకుంటూ తిరిగి యార్డులోకి వెళ్ళారు. అదే ఏడాది సెప్టెంబరు 26న, వానలో, లక్షలమంది చూస్తుండగా రాణిగారు పేరు పెట్టి ఓడను నీటిలోకి వదిలారు. 1936 మే 27న తొలి ప్రయాణం మొదలయ్యేసరికి దేశం మొత్తానికీ అది 'మన ఓడ' అయిపోయింది.

ఎలిజబెత్‌కు ఈ భాగ్యం దక్కలేదు. 1938లో నీటిలోకి దిగింది, లోపలి పని పూర్తయ్యేలోపే యుద్ధం ముంచుకొచ్చింది. 1940 మార్చిలో బూడిద రంగు పూసుకుని, ప్రయాణికులు లేకుండా, ఎవరికీ చెప్పకుండా న్యూయార్క్‌కు పారిపోయింది. సౌతాంప్టన్‌కు వెళ్తోందని శత్రువును నమ్మించారు. బ్యాండు లేదు, వీడ్కోలు లేదు. యుద్ధంలో మేరీ ఎంత చాకిరీ చేసిందో ఇదీ దాదాపు అంతే చేసింది. 1946 అక్టోబరులో గానీ మామూలు ప్రయాణికులు దాని మెట్లెక్కలేదు. అప్పటికి మేరీ చుట్టూ పదేళ్ళ కథలు పోగయ్యాయి.

ఇక్కడ కొత్తగా రాసేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. అభిమానం ఉంది కాబట్టి ఓడలో లోపాలు లేవనుకుంటారు. మేరీ అలల మీద ఒళ్ళు దారుణంగా ఊపేది. ఆ ఊపు తగ్గించే స్టెబిలైజర్లు 1958లో గానీ బిగించలేదు. అంతకంటే ఘోరం, 1942 అక్టోబరు 2న తనకు కాపలాగా వచ్చిన కురకోవా అనే యుద్ధనౌకను ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. మూడొందలమందికి పైగా చనిపోయారు. జలాంతర్గాముల భయంతో మేరీ ఆగలేదు, ఆగకూడదని ముందే ఆదేశం. అభిమానుల కథల్లో ఈ అధ్యాయం పొట్టిగా ఉంటుంది. మీ కథలో పొట్టిగా ఉండకూడదు.

మెచ్చుకోవడం, ప్రేమించడం కూడా ఒకటి కాదు. 1935లో వచ్చిన ఫ్రెంచి ఓడ నార్మండీని చాలామంది అన్నిటికంటే అందమైన లైనర్ (సముద్రం దాటించే పెద్ద ప్రయాణికుల ఓడ) అంటారు, నేనూ అంటాను. దాని భోజనశాల ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనపు అద్దాల మందిరం కంటే పొడవు. కిటికీలు లేని ఆ గదిలో వెలుగంతా ఫ్రెంచి గాజు కళాకారుడు లాలీక్ చేసిన దీపాలదే. కానీ అంత వైభవం మధ్య సామాన్యుడు కాస్త బెదిరిపోతాడు. చాలా ప్రయాణాల్లో సీట్లు సగం ఖాళీగా ఉండేవి. 1942 ఫిబ్రవరి 9న న్యూయార్క్ రేవులో మంటలంటుకున్నాయి. ఆర్పడానికి పోసిన నీళ్ళ బరువుకే పక్కకు ఒరిగిపోయింది. దాని మీద ఉన్న ప్రేమలో సగం 'అయ్యో' అనే మాటే.

ఓడ చివరికి ఏమైందో కూడా లెక్కలోకి వస్తుంది. మేరీ 1967 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చేరి అక్కడే ఉండిపోయింది. తాతలు మనవళ్ళను తీసుకెళ్ళి చూపించగలుగుతున్నారు. ఎలిజబెత్ 1972 జనవరిలో హాంకాంగ్ రేవులో కాలిపోయింది. చూపించడానికి ఏమీ మిగలకపోతే ఒక తరంలోనే జ్ఞాపకం పలచబడుతుంది. విడగొట్టిన ఓడల విషయంలో చెక్కపని ఎవరు కొన్నారో వెతకండి. ఒలింపిక్ పలకలు ఇంగ్లండ్‌లోని ఆన్విక్ ఊళ్ళో వైట్ స్వాన్ హోటల్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పాత చెక్కకు డబ్బు పెట్టి, గోడకు బిగించి, ఇన్నేళ్ళు తుడుచుకుంటూ వచ్చారంటే అభిమానానికి అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఈ వారం అభ్యాసం: లుసిటేనియా, మారిటేనియా. రెండూ 1907లో ప్రయాణాలు మొదలుపెట్టినవే, ఒకే కంపెనీవే. మొదటిది 1915 మే 7న టార్పెడో దెబ్బకు మునిగింది. రెండోది 1909 నుంచి 1929 దాకా అట్లాంటిక్ వేగపు రికార్డును వదల్లేదు. 1935లో విడగొట్టడానికి పంపారు. ఒక్కోదానికి ఒక పేజీ రాయండి. కట్టేటప్పుడు ఎవరు ఎదురుచూశారు, ఎంతమంది ఎన్నేళ్ళు ఎక్కారు, ఏ లోపాన్ని క్షమించారు, చివరికి ఏం మిగిలింది అన్నవి అందులో రావాలి. 'గొప్ప', 'అద్భుతం' అనే మాటలు వాడొద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మలయా వెళ్ళొచ్చి ఉంటే ఇదే పని రాజులా మీద చేయొచ్చు. 1926లో కట్టిన ఆ ఓడ మద్రాసు, పెనాంగ్, సింగపూర్‌ల మధ్య దశాబ్దాల తరబడి డెక్ ప్రయాణికులను, అంటే గది లేకుండా డెక్ మీదే ప్రయాణించేవాళ్ళను మోసింది. ఓడ ఎలా ఉండేదని అడగొద్దు, 'బాగుండేది' అని ఊరుకుంటారు. రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు అని అడగండి.