ఒకేలా మొదలయ్యే పాత ఇంగ్లీషు మాటల అర్థం పట్టుకోవడం ఎలా?

అద్దె ఇల్లు తీసుకునేటప్పుడు ఓనర్ మన చేతిలో పెట్టే స్టాంపు పేపరు గుర్తుందా? మొదటి పేరాలోనే హియరినాఫ్టర్, కొంచెం కిందికి దిగితే దేరాఫ్, పేజీ తిప్పితే నాట్‌విత్‌స్టాండింగ్. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ దాకా చదివినవాళ్లు కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి, "ఏదో లీగల్ భాషలే" అనుకుని సంతకం పెట్టేస్తారు. నేను కూడా మూడు ఇళ్లకి అలాగే పెట్టాను. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఒక రాత్రి కూర్చుని, అగ్రిమెంట్‌లో అర్థం కాని మాటలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. రాశాక చూస్తే ఆ ఇరవై మాటలూ మూడు నాలుగు రకాలుగానే మొదలవుతున్నాయి. ఆ మొదళ్లు తెలిస్తే మిగతాదంతా మనకు తెలిసిన చిన్న మాటలే.

అప్పటి నుంచి పాత ఇంగ్లీషు మాట ఏది కనిపించినా ఇదే పద్ధతిలో చదువుతున్నాను.

ముందు మాటను విరవండి

నిఘంటువు తీయడానికి ముందే పెన్సిల్‌తో మాట మధ్యలో గీతలు పెట్టండి. హియరినాఫ్టర్‌ని విరిస్తే హియర్, ఇన్, ఆఫ్టర్ అని మూడు ముక్కలు. మూడూ ఒకటో తరగతి మాటలే. కలిపి చదివితే "ఈ కాగితంలో, ఇక్కడి నుంచి కిందికి" అని వస్తుంది. "హియరినాఫ్టర్ కాల్డ్ ద లెసీ" అంటే ఇకమీదట ఈ పత్రంలో ఆయన్ని అద్దెదారు అంటాం అని చెప్పడం, అంతే. ఇలా విరిచాక మొదటి ముక్కను విడిగా ఒక పక్కన రాసుకోండి. అసలు పని దానితోనే.

ఎ, ఆ, ఈ పెట్టి చూడండి

ఇక్కడ తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చిన సదుపాయం ఒకటుంది. ఎక్కడ, అక్కడ, ఇక్కడ. ఎప్పుడు, అప్పుడు, ఇప్పుడు. మొదటి అచ్చు మారిస్తే చాలు, ప్రశ్న కాస్తా దూరం అవుతుంది, దూరం దగ్గర అవుతుంది. ఇంగ్లీషులో ఇదే పని డబ్ల్యూ-హెచ్, టీ-హెచ్, ఒంటి హెచ్ చేస్తాయి: వేర్, దేర్, హియర్. ఇంతవరకు బడిలో అందరూ చదువుకున్నదే. బడిలో ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఈ ముగ్గురికీ ఇంకో రెండు జట్లు ఉండేవి.

విదర్, దిదర్, హిదర్ అంటే ఎటు, అటు, ఇటు.

వెన్స్, దెన్స్, హెన్స్ అంటే ఎక్కడి నుంచి, అక్కడి నుంచి, ఇక్కడి నుంచి.

నేటి ఇంగ్లీషు వేర్ ఒక్కదానితోనే "ఎక్కడున్నావు", "ఎటు పోతున్నావు" రెండూ నెట్టుకొస్తోంది. తెలుగులో ఆ తేడా ఇప్పటికీ బతికే ఉంది కాబట్టి పాత పాఠాలు మనకే తేలిగ్గా అందాలి. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్‌లో రూతు కథ చూడండి. భర్త పోయిన రూతుని అత్త నయోమి పుట్టింటికి వెళ్లిపొమ్మంటుంది. రూతు వెళ్లనంటుంది. ఆమె చెప్పే ఒకే వాక్యంలో మొదట విదర్, తర్వాత వేర్ వస్తాయి. ఇంగ్లీషులో ఇప్పుడు చదివేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తాయి. తెలుగులో పెట్టి చూడండి: "నువ్వు ఎటు వెళ్తే నేనూ అటే వస్తాను, నువ్వు ఎక్కడ ఉంటే నేనూ అక్కడే ఉంటాను." మొదటిది ప్రయాణం, రెండోది మకాం. ఆ కోడలి మాటలోని బరువు ఆ తేడాలోనే ఉంది.

హైదరాబాద్ పాఠకులకు హిదర్ వినగానే ఇధర్ గుర్తొస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి హాయిగా వాడుకోండి.

హెన్స్‌ని మనం లెక్కల నోట్‌బుక్‌లో వందలసార్లు రాశాం, "హెన్స్ ప్రూవ్డ్" అని. ఇక్కడి నుంచి అనే అర్థమే కాస్త జరిగి ఇందువల్ల అయింది. కాలానికి వాడితే ఇప్పటి నుంచి అని అర్థం: "టెన్ ఇయర్స్ హెన్స్" అంటే ఇప్పటి నుంచి పదేళ్లకి. హెన్స్‌ఫోర్త్ మన "ఇకమీదట". వెన్స్‌లో నుంచి అనే అర్థం ముందే ఉంది, అయినా దాని ముందు మళ్లీ ఫ్రమ్ చేర్చి రాయడం షేక్‌స్పియర్‌లోనూ ఆ 1611 బైబిల్‌లోనూ కనిపిస్తుంది. చూసి కంగారు పడకండి, అర్థం మారదు.

ఇక ఈ జట్టులో అందరూ తడబడేది వేర్‌ఫోర్ దగ్గర. రోమియో జూలియెట్ నాటకంలో జూలియెట్ మేడ మీద నిలబడి "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అంటుంది. స్కూల్ వార్షికోత్సవాల్లో ఆ వేషం వేసిన పిల్లలు ఈ మాట అంటూ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చీకట్లో వెతకడం చాలాచోట్ల చూస్తాం. ఆమె వెతకడం లేదు. రోమియో కింద తోటలోనే ఉన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. వేర్‌ఫోర్ అంటే ఎందుకు. దానికి జంట మనం రోజూ వాడే దేర్‌ఫోర్: ఎందుకు, అందుకు. "నువ్వు రోమియోవి ఎందుకయ్యావు" అని ఆమె బాధ. వాళ్లిద్దరి కుటుంబాలకీ పగ. అతను వేరే ఇంటిపేరుతో పుట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఒక్క మాట తప్పుగా అర్థం చేసుకుంటే ఆ సన్నివేశం మొత్తం పక్కదారి పడుతుంది.

ఒక జాగ్రత్త. తెలుగు ఎ-ఆ-ఈలకీ ఇంగ్లీషు మాటలకీ చుట్టరికం లేదు, పని మాత్రమే ఒకటి. అసలు చుట్టరికం సంస్కృతంతో ఉంది. వాట్‌కి కిమ్, దట్‌కి తత్ దూరపు అన్నదమ్ములు.

దస్తావేజుల్లో ఇందు, అందు

ఇప్పుడు ఆ స్టాంపు పేపరు మళ్లీ తీయండి. దస్తావేజులో హియర్ అంటే ఎప్పుడూ "ఈ పత్రం". దేర్ అంటే "ఇప్పుడే చెప్పిన ఆ వస్తువు లేదా విషయం". మన పాత తెలుగు దస్తావేజులు కూడా సరిగ్గా ఇదే చేస్తాయి: ఇందుమూలముగా, ఇందలి, అందలి. హియర్‌బై అంటే ఇందుమూలముగా. హియరిన్ అంటే ఇందులో. దేరిన్ అంటే అందులో.

"ఫిక్స్చర్స్ దేరిన్" అని ఉంటే ఆ ఇంట్లో బిగించినవి, అంటే ఫ్యాన్లు, గీజర్, కప్‌బోర్డులు. "ఎరియర్స్ దేరాఫ్" అని అద్దె తర్వాత ఉంటే ఆ అద్దె తాలూకు బకాయిలు. "టర్మ్స్ హియరాఫ్" అంటే ఈ పత్రంలోని షరతులు. దేర్ కనిపించిన ప్రతిసారీ వేలు పెట్టి వెనక్కి వెళ్లి, అది దేని గురించో ఆ పేరు కింద గీత గీయండి. ఈ ఒక్క అలవాటుతో అగ్రిమెంట్ సగం తెలుగైపోతుంది. గీత గీయడానికి పేరు దొరక్కపోతే వాక్యం తప్పుగా రాసినట్టు. సంతకానికి ముందే అడగండి.

పేరా మొదట్లో పెద్ద అక్షరాలతో వచ్చే వేరాజ్ ప్రశ్న కాదు. "ఇలా ఉన్నందున" అని నేపథ్యం చెప్పడానికి వాడతారు.

విత్‌ని "ఎదురు"గా చదవండి

విత్ అంటే తోడు అని నేర్చుకున్నాం. పాత ఇంగ్లీషులో దాని అర్థం ఎదురు. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలబడటం. విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా పట్టి ఉంచుకోవడం. అమెరికాలో ఉద్యోగం చేసే మన పిల్లల పేస్లిప్‌లో విత్‌హోల్డింగ్ అని కనిపించేది, జీతం చేతికి రాకముందే పట్టి ఉంచిన పన్ను. విత్‌డ్రా అంటే వెనక్కి లాగడం. వింతగా అనిపిస్తే మన "తో"ని చూడండి. "పక్కింటాయనతో సినిమాకి వెళ్లాను", "పక్కింటాయనతో గొడవ పడ్డాను". రెండు చోట్లా తో ఒకటే, రెండోచోట ఆయన ఎదుటి పక్షం.

ఇప్పుడు నాట్‌విత్‌స్టాండింగ్ దానంతట అదే విడిపోతుంది: నాట్, విత్, స్టాండింగ్. ఎదురు నిలవకుండా, అంటే ఏదీ అడ్డు రాకుండా. లోకల్, నాన్‌లోకల్ కోటా గురించి మన రెండు రాష్ట్రాల్లో అందరూ చెప్పుకునే రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఉంది కదా, దాని పదో క్లాజులో దేరండర్, నాట్‌విత్‌స్టాండింగ్ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఈ అధికరణమూ, "దాని కింద" రాష్ట్రపతి ఇచ్చే ఉత్తర్వులూ, రాజ్యాంగంలోని ఇతర నిబంధనల్లో గానీ ఇంకే చట్టంలో గానీ ఏం రాసి ఉన్నా "అది అడ్డు కాకుండా" అమలవుతాయి అని సారాంశం. లక్షలమంది ఉద్యోగార్థుల భవిష్యత్తు ఆ మాట మీద నిలబడి ఉంది. దాన్ని ఎవరో చెప్తే వినడం కన్నా మనమే చదువుకోగలగడం మంచిది.

బితో మొదలైతే చుట్టూ చూడండి

బి-ఇ అనే ముక్క ముందు వస్తే చుట్టూ, అంతటా, పూర్తిగా అన్న అర్థాల్లో ఏదో ఒకటి వేసి చూడండి. బిసెట్ అంటే చుట్టూ పెట్టడం, అందుకే కష్టాలు చుట్టుముట్టినప్పుడు వాడతారు. బిసీజ్‌లో సీజ్ పాత ఫ్రెంచిలో ఆసనం. కోట చుట్టూ కూర్చుంటే అది ముట్టడి. బిస్పోక్ అని ఇప్పుడు టైలర్ షాపుల బోర్డుల మీద కూడా రాస్తున్నారు. అందులో స్పోక్ మాట్లాడటమే: ముందుగా చెప్పి కుట్టించుకున్నది.

వీటిలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట బిరీవ్డ్. ఎవరైనా చనిపోతే ఆఫీసు మెయిల్‌లో "ద బిరీవ్డ్ ఫ్యామిలీ" అని వస్తుంది. మనం చదివి, సంతాపం తెలిపి, పనిలో పడిపోతాం. రీవ్ అంటే దోచుకోవడం. ముందు బి చేరితే పూర్తిగా దోచుకోవడం. బిరీవ్డ్ ఫ్యామిలీ అంటే దోపిడీకి గురైన ఇల్లు. బిరెఫ్ట్ కూడా అదే మాట. ఇది తెలిశాక ఆ మెయిల్‌ని మునుపటిలా చదవలేకపోయాను.

బిహెడ్ మాత్రం వేరు. అక్కడ బి అంటే తీసేయడం, తల తీసేయడం.

ఫోర్ రెండు రకాలు, ఇ ఉందో లేదో చూడండి

ఎఫ్-ఓ-ఆర్ తర్వాత ఇ ఉంటే "ముందు". ఫోర్‌సీ ముందే చూడటం, ఫోర్‌టెల్ ముందే చెప్పడం. ఇ లేకపోతే "దూరంగా, పూర్తిగా, పోయేలా". ఫర్గెట్ అంటే పట్టు జారిపోవడం. ఫర్గివ్ అంటే పూర్తిగా ఇచ్చేసి వదిలేయడం. ఇ లేని ఫర్గో అంటే వదులుకోవడం, ఇ ఉన్న ఫోర్గో అంటే ముందు వెళ్లడం. ఇ లేని ఫర్బేర్ అంటే ఓర్చుకోవడం, ఇ ఉన్న ఫోర్బేర్ అంటే పూర్వీకుడు, మన కన్నా ముందు ఉన్నవాడు.

ఫర్లార్న్ అంటే పోగొట్టుకున్న, దిక్కులేని. దాంతో కూడిన ఫర్లార్న్ హోప్ అనే పాత పదబంధాన్ని చాలామంది "అడుగంటిన ఆశ" అనుకుంటారు. అది డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ హోప్ అంటే దండు. కోట మీదికి అందరికన్నా ముందు ఉరికే సైనికుల దండు, తిరిగి రారని తెలిసే పంపిన దండు. ఆశకీ దానికీ సంబంధం లేదు.

మోసపోయే చోట్లు

ప్రతి మొదలూ మన తాళంచెవికి తెరుచుకోదు. బెల్డమ్ అనే పాత మాట ముసలమ్మను సూచిస్తుంది. అందులో బి-ఇ లేదు. ఫ్రెంచి బెల్ ఉంది. ఫోర్‌క్లోజ్‌లో ఇ ఉన్నా దాని అర్థం ముందు కాదు. అది ఫ్రెంచిలో "బయట" అనే మాట నుంచి వచ్చింది, బయటికి నెట్టి తలుపు మూయడం. మనం "లోన్ ఫోర్‌క్లోజ్ చేశాను" అని సంతోషంగా చెప్తాం, గడువు కన్నా ముందే కట్టేశామని. అమెరికాలో ఉన్న చుట్టాలకి అదే మాట చెప్తే అప్పు కట్టలేక ఇల్లు పోయిందేమో అని టెన్షన్ పడతారు.

అందుకే విరిచాక, ఊహించాక, చివరికి నిఘంటువు తప్పనిసరి. ఊహ ముందు రాసుకుని తర్వాత సరిచూసుకుంటే మాట గట్టిగా గుర్తుంటుంది. ఎటిమాన్‌లైన్ సైట్ ఉచితం, మాట పుట్టుక చెప్తుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో మాట పక్కన చిన్న కత్తి గుర్తు ఉంటే దాని వాడకం పోయినట్టు. 1884లో ఆ నిఘంటువు మొదటి భాగం వచ్చినప్పుడు అందులో ఎ నుంచి యాంట్ దాకా మాటలే ఉన్నాయి, మొత్తం పూర్తయ్యేసరికి 1928 అయింది. మామూలు నిఘంటువుల్లో ఆర్కెయిక్ అని ఉంటే మాట పాతబడింది కానీ ఇంకా అక్కడక్కడా కనిపిస్తుందని, అబ్సొలీట్ అని ఉంటే ఎవరూ వాడరని అర్థం.

మీరే ఒకటి విప్పండి

టీ-డబ్ల్యూతో మొదలయ్యే మాటలు తీసుకోండి. టూలో డబ్ల్యూ పలకదు కానీ రాస్తాం, ఎందుకంటే ఒకప్పుడు పలికేది. ట్విన్, ట్వైస్, ట్వెంటీల్లో ఇంకా పలుకుతోంది. ట్వెల్వ్ అంటే పది పోగా రెండు మిగిలింది. ట్వైన్ అంటే దారాలు రెండు పేనిన తాడు. ట్వెయిన్ అంటే రెండు. మిసిసిపీ నది మీద స్టీమర్ల వాళ్లు నీటి లోతు రెండు బారలు, అంటే 12 అడుగులు ఉందని "మార్క్ ట్వెయిన్" అని కేకేసేవారు, శామ్యూల్ క్లెమెన్స్ ఆ కేకనే కలం పేరుగా పెట్టుకున్నాడు. మన ఇరవైలో, ఇరుపక్కలలో ఉన్న "ఇరు" లాంటిదే ఈ టీ-డబ్ల్యూ.

ఇప్పుడు బిట్విక్స్ట్ అనే పాత మాటను కాగితం మీద రాసి, మధ్యలో గీత పెట్టండి. ముందున్న బికి ఇక్కడ "దగ్గర" అని అర్థం వేసుకోండి. తర్వాతి ముక్క ఏమిటో మీకు ఇప్పటికే తెలుసు.