మృగశిర రాకముందే తుపాకీ విడిభాగాలు చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇంట్లో లైసెన్స్ తుపాకీ, దాని విడిభాగాలు ఉన్నవాళ్లకు ఏడాది మొత్తంలో బాగా పనికొచ్చే రోజులు అవే. గాలిలో చెమ్మ ఉండదు, కర్ర ఎండి ఉంటుంది, తుడిచిన ఇనుము తుడిచినట్టే ఉంటుంది. మృగశిర చినుకులు మొదలయ్యాక పెట్టె మూస్తే ముసురును కూడా లోపల పెట్టి తాళం వేసినట్టే.

మాది భద్రాచలం దగ్గర, గోదావరికి దగ్గరి ఊరు. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి నాన్నగారు తీసుకున్న పన్నెండు బోర్ డబుల్ బారెల్ (రెండు గొట్టాల) తుపాకీ ఆయన తర్వాత లైసెన్స్‌తో సహా నా పేరుకు మారింది. దాంతోపాటు ఒక అదనపు బారెల్ జత, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్నులు రెండు, కొన్ని స్ప్రింగులు, భుజానికి ఆనించే పాత కర్ర బట్ ఒకటి వచ్చాయి. తుపాకీని బాగానే చూసుకున్నాను. విడిభాగాలు ఎలాగూ వాడటం లేదు కదా అని నాన్న కుట్టించిన తోలు ఒరలో బారెల్ అలాగే వదిలేశాను. మూడు వానాకాలాల తర్వాత తీసి చూస్తే, తోలు ఆనిన మేరంతా ఎర్రటి చార. మెత్తటి గుడ్డకు నూనె అద్ది రుద్దితే ఎరుపు పోయింది కానీ, దాని కింద సూదిమొనంత గుంటలు కనిపించాయి. స్ప్రింగు ఒకటి వేళ్ల మధ్యే పుటుక్కున విరిగింది. బారెల్‌ను లైసెన్స్ ఉన్న మెకానిక్‌కు చూపిస్తే, ఇక దీన్ని వాడొద్దని చెప్పాడు. ఆ రోజు పడ్డ బాధ ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. విడిగా ఉన్న భాగమే కదా, తుపాకీ కాదు కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి. 45వ సెక్షన్‌లో చిన్న భాగాలకు ఒక మినహాయింపు ఉంది. అది మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనివాటికే. మన తుపాకీకి వేసుకుందామని దాచిన పిన్నుకు అది వర్తిస్తుందని ధీమాగా ఉండటానికి లేదు. అందుకని ముందు లైసెన్స్ పుస్తకం తీసి, అదనపు బారెల్ వంటివి అందులో ఎక్కాయో లేదో చూడండి. లేకపోతే లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఐదేళ్లంటే మరిచిపోయేంత కాలం కాబట్టి గడువు తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. గడువు దాటితే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాల్సి వస్తుంది. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసినా సరే, విడిభాగాలు కూడా ఇస్తుంటే రసీదులో ఒక్కొక్కటీ విడిగా రాయించుకోండి.

అమెరికాలో ఉన్న తమ్ముడో బావమరిదో వస్తున్నాడంటే ఒక స్ప్రింగు తెమ్మనడం కూడా ఉంది. అక్కడ కొట్లో మామూలుగా దొరికేదైనా, ఇక్కడ కస్టమ్స్ దగ్గర అది ఆయుధ భాగమే. దిగుమతికి లైసెన్స్ కావాలి. పాపం ఆ అబ్బాయిని ఎయిర్‌పోర్టులో నిలబెట్టకండి. కొరియర్‌లో, బస్సు పార్శిల్‌లో కూడా పంపొద్దు.

ఇక తుప్పు. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుముకు కష్టకాలం మొదలైనట్టే. నలభై నుంచి యాభై మధ్య ఉంటే మంచిది. కాకినాడ, విశాఖ వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. తేమ చూపే చిన్న డిజిటల్ మీటర్ కొన్ని వందల్లో దొరుకుతుంది, ఒకటి పెట్టెలో వేయండి. తోలు ఒర, స్పాంజి వేసిన కేసు, గోనెపట్టా, అట్టపెట్టె, పాత దినపత్రిక అన్నీ చెమ్మను పట్టి ఉంచేవే. మోసుకెళ్లడానికి కేసు పనికొస్తుంది, ఏళ్ల తరబడి దాచడానికి కాదు.

భాగాన్ని ముందు పాత నూనె, మసి పోయేలా శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత చేతులకు గ్లవ్స్ వేసుకోండి. చెమట చేతి వేలిముద్రలోని ఉప్పు చాలు, వారంలో అదే ఆకారంలో తుప్పు లేస్తుంది. మా బారెల్ మీద నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది. గన్ ఆయిల్ గానీ తుప్పు నివారణ గ్రీజు గానీ పల్చగా, అంతటా పట్టించండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె కొద్దిరోజులకు సరే, ఏళ్లకు ఆగదు. డబ్ల్యూడీ-40 తడిని తరిమేయడానికి చేసిన మందు, దాని పేరులోని మొదటి రెండు అక్షరాల అర్థం కూడా అదే. దీర్ఘకాలం కాపాడే పూత అది కాదు.

ఆ తర్వాత కార్లు, మిషన్ల విడిభాగాలకు చుట్టే వీసీఐ కాగితం లేదా కవర్ వాడండి. సీలు చేసిన సంచిలో అది తుప్పును ఆపే ఆవిరిని వదులుతుంది. శాశ్వతం కాదు కాబట్టి ఏడాది, రెండేళ్లకు మార్చాలి. రబ్బరు అంచున్న గట్టి డబ్బాలో చెమ్మను పీల్చే సిలికా జెల్ సంచులు వేయండి. రంగు మారే రకమైతే నీలం గులాబీ అవుతుంది, నారింజ ఆకుపచ్చ అవుతుంది. అప్పుడు జెల్ చెమ్మతో నిండినట్టు. నాఫ్తలీన్ ఉండలు పురుగులకే, తుప్పుకు కాదు.

కర్ర బట్‌ను ఇనుముతో కలిపి దాచకండి. తుపాకీని నిలబెట్టాల్సి వస్తే మూతి కిందకు ఉండాలి, లేకపోతే నూనె జారి కర్రలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. కర్రకు అవిసె నూనె పట్టిస్తే ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. బయట నేల మీద పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి పెట్టండి. రబ్బరు బట్ ప్యాడ్‌కు నూనె తగలనివ్వొద్దు, జిగటగా అయిపోతుంది.

బారెల్ రెండు మూతులూ మూయాలి. మట్టి గూడు కట్టే కందిరీగకు వారం చాలు. మూసిన చోట తడి లేదని ముందు చూసుకోండి. తిరిగి వాడేముందు మూతలు తీసి, లోపలి నూనె పూర్తిగా తుడిచి, వెలుగులో ఆ చివర నుంచి ఈ చివరకు చూడాలి. లోపల ఏదైనా అడ్డుంటే బారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. రెండు ఫైరింగ్ పిన్నులూ ఒకేలా కనిపించినా కుడి, ఎడమ వేరు కావచ్చు. ఒక్కోదానికి విడి సంచి, దాని మీద తుపాకీ నంబరు, ఏ వైపుదో రాసిన చీటీ ఉండాలి.

తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో ఉండాలి. బారెల్ ఒక పెట్టెలో, ట్రిగ్గర్ భాగాలు ఇంకొక పెట్టెలో పెట్టి, తాళంచెవులు ఒకే గుత్తిలో వేయకండి. పిల్లలకు తెలియని చోటు అనేది ఇంట్లో ఉండదు. ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసనే అనుకుని తాళం వేయండి. దసరాకు సున్నాలు, రంగులు వేసేటప్పుడు పెట్టెలు కూలీల చేత కదిలించవద్దు, ఆ ఒక్కటి మీరే మోయండి. గోడకు బిగించిన ఇనుప బీరువా మేలు, కాకపోతే బాత్‌రూమ్ గోడను ఆనుకోకూడదు.

మా వైపు ఇంకొక మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు చేరింది. నేల మీది పెట్టెకు అప్పుడు తాళం ఉండీ ఉపయోగం లేదు. వరద ప్రాంతంలో ఉన్నవాళ్లు పెట్టెను పై అంతస్తులో గట్టి అల్మారాలో పెట్టండి, ఖాళీ చేయమనగానే దాన్ని ఎక్కడ డిపాజిట్ చేయాలో స్టేషన్‌లో ముందే అడిగి పెట్టుకోండి. తుపాకీ, భాగాలు బురదలో మునిగితే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి. పరీక్షించడానికి పేల్చొద్దు.

ప్రతి భాగానికీ ఫోటో తీసి, నంబర్లతో ఒక కాగితం మీద రాసి, లైసెన్స్ జిరాక్స్‌తో కలిపి బ్యాంకు కాగితాల ఫైల్లో పెట్టాను. ఒక్క భాగం పోయినా వెంటనే స్టేషన్‌లో చెప్పాలి, అప్పుడు ఆ ఫోటోలే ఆధారం. ఫైలు ఎక్కడుందో మా ఆవిడకు చెప్పాను. నాకేమైనా అయితే తనూ పిల్లలూ వీటిని ముట్టుకోకుండా స్టేషన్‌కు ఫోన్ చేయాలని కూడా చెప్పాను. పెట్టె మీద నిన్న తారీఖు రాసి అంటించాను. దసరా సెలవుల్లో ఒకసారి తెరిచి, జెల్ రంగు చూసి, మళ్లీ మూస్తాను.