అరుదైనవాటిని ఇంగ్లీషులో చెప్పడం – 4వ పాఠం: బ్లూ మూన్ చిక్కు

పోయిన పాఠంలో 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' (ఎప్పుడో చాలా అరుదుగా అని అర్థం) చెప్పి వాక్యాలు రాయమన్నాను. మీరు రాసినవాటిలో చాలావరకు ఒకేచోట జారాయి. కొత్త పాఠం ఆగుతుంది, ముందు దీని సంగతి చూద్దాం.

'దిస్ బుక్ ఈజ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అని రాశారు. ఇది తప్పు. ఈ మాట వస్తువుకు అతకదు, జరిగే పనికే అతుకుతుంది. ఎన్నాళ్లకోసారి అని ఎవరైనా అడిగితే చెప్పే జవాబు ఇది. 'హీ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' సరైన వాక్యం. 'దిస్ ప్లాంట్ ఫ్లవర్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' కూడా సరైనదే, ఎందుకంటే పూయడం ఒక పని. 'దిస్ ఫ్లవర్ ఈజ్' అని మొదలుపెడితే మాత్రం వాక్యం చెడిపోతుంది. నిన్న ఒక్కసారి జరిగినదానికీ ఇది పనికిరాదు. 'ఐ మెట్ హర్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ ఎస్టర్‌డే' అని ఎవరూ అనరు.

ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారు. 2023 ఆగస్టు 31న అలాంటిది వచ్చింది. అది సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది కానీ, మాట వాడేటప్పుడు ఆ లెక్క పట్టించుకోకండి.

మరి పుస్తకం సంగతి? 'దిస్ బుక్ ఈజ్ హార్డ్ టు కమ్ బై' అనండి. వెతికినా తేలిగ్గా దొరకదని అర్థం. నేనైతే పదిసార్లలో తొమ్మిదిసార్లు దీన్నే వాడతాను. 'యాజ్ రేర్ యాజ్ హెన్స్ టీత్' కూడా ఉంది. కోడికి పళ్లుండవు కాబట్టి, దాదాపు లేనట్టే అని భావం. కబుర్లలో బాగుంటుంది, ఆఫీసు మెయిల్‌లో వద్దు.

'ఫ్యూ అండ్ ఫార్ బిట్వీన్' అంటే చాలా తక్కువగా, ఎప్పుడో గానీ ఎదురుకానివి అని. ఇది బహువచనానికే. 'సచ్ చాన్సెస్ ఆర్ ఫ్యూ అండ్ ఫార్ బిట్వీన్' అనొచ్చు, వాటర్‌కో టైమ్‌కో తగిలించకూడదు.

జీవితంలో ఒక్కసారే దక్కేదైతే 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్'. హేలీ తోకచుక్క 1986లో వచ్చింది, మళ్లీ 2061లో వస్తుంది. చాలామందికి దాన్ని చూడటం 'ఎ వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్ చాన్స్'.

అభ్యాసం: సంపూర్ణ సూర్యగ్రహణం భూమ్మీద ఎక్కడో ఒకచోట సుమారు ఏడాదిన్నరకోసారి వస్తుంది. ఒకే ఊరికి మాత్రం సగటున 375 ఏళ్లకోసారి. ఈ రెండు సంగతుల మీద, పైన చెప్పిన మాటల్లో నాలుగింటిని వాడి నాలుగు వాక్యాలు రాయండి. ఒక వాక్యంలోని మాట తీసి ఇంకోదాంట్లో పెడితే అతకకూడదు. ఎందుకు అతకదో ప్రతి వాక్యం కింద తెలుగులో ఒక ముక్క రాయండి.