ఫోరియర్ శ్రేణులు – 6వ పాఠం: అంచు దగ్గర దిగిరాని శిఖరం

పోయిన పాఠంలోని చతురస్ర తరంగాన్నే మళ్లీ తీసుకుందాం. 0 నుంచి పై వరకు దాని విలువ 1, మైనస్ పై నుంచి 0 వరకు మైనస్ 1. దాన్ని సైన్ల మొత్తంగా రాస్తే వచ్చే ఫోరియర్ శ్రేణి:

(4/పై) [సైన్ ఎక్స్ + (సైన్ 3ఎక్స్)/3 + (సైన్ 5ఎక్స్)/5 + …]

పదాలు పెంచేకొద్దీ గ్రాఫు 1కి అతుక్కుపోవాలి కదా? సున్నా పక్కన మాత్రం 1ని దాటి పైకి లేచి, ఆ తర్వాతే దిగుతుంది. ఎంత లేస్తుందో చేత్తో లెక్కకడదాం. కంప్యూటర్లో బొమ్మ ముందే గీసి చూశారంటే ఇక లెక్క చేయబుద్ధి కాదు.

మొదటి ఎన్ పదాల మొత్తాన్ని అవకలనం చేస్తే కొసైన్ల వరుస వస్తుంది. దాన్ని 2 సైన్ ఎక్స్‌తో గుణిస్తే పక్కపక్క పదాలు కొట్టేసుకుపోయి సైన్(2ఎన్ ఎక్స్) ఒక్కటే మిగులుతుంది. సున్నాకు కుడిపక్కన అది మొదట సున్నా అయ్యేది ఎక్స్ = పై/(2ఎన్) దగ్గర. శిఖరం అదే.

ఎన్ = 2 అయితే ఎత్తు 1.200. ఎన్ = 3 అయితే కోణం 30 డిగ్రీలు: 0.5 + 0.3333 + 0.1 = 0.9333, దాన్ని 4/పైతో గుణిస్తే 1.188. తగ్గుతోంది, ఇలాగే 1కి వచ్చేస్తుందనిపిస్తుంది. రాదు. శిఖరం దగ్గరి మొత్తాన్ని పరికించి చూడండి: అది (సైన్ టి)/టి అనే ప్రమేయానికి 0 నుంచి పై వరకు, పై/ఎన్ వెడల్పు ముక్కల మధ్యబిందువుల దగ్గర వేసిన రీమాన్ మొత్తం (వక్రం కింది వైశాల్యాన్ని సన్నని దీర్ఘచతురస్రాలతో కట్టే అంచనా), 2/పై రెట్లు. ఎన్ పెరిగేకొద్దీ అది సమాకలనికి చేరుతుంది. ఆ సమాకలని విలువ 1.8519. కాబట్టి ఎత్తు 1.179 దగ్గర ఆగిపోతుంది. మైనస్ 1 నుంచి 1కి దూకుడు 2. అందులో దాదాపు 9 శాతం ఎప్పటికీ మిగిలే ఉంటుంది.

మరి శ్రేణి 1కి అభిసరిస్తుందన్నది అబద్ధమా? కాదు. మీరు ఏ బిందువును పట్టుకుని కూర్చున్నా, శిఖరం సున్నా వైపు జరుగుతూ ఏదో ఒక ఎన్ దగ్గర దాన్ని దాటిపోతుంది. బిందువారీ అభిసరణ (ఒక్కో బిందువు దగ్గర విడిగా చేరడం) ఉంది, ఏకరూప అభిసరణ (అన్ని బిందువుల దగ్గరా ఒకే ఎన్‌తో ఒకేసారి దగ్గరవడం) లేదు. ఈ తేడాను నిర్వచనాల్లో బట్టీపట్టడం కన్నా ఇక్కడ చూడటం మేలు.

ఈ దిగిరాని శిఖరం గురించి 1848లోనే హెన్రీ విల్‌బ్రహామ్ రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1899లో వివరించిన శాస్త్రవేత్త గిబ్స్ పేరే దానికి నిలిచింది. మరుసటి ఏడాదే గణితవేత్త ఫెయర్ పాక్షిక మొత్తాల (మొదటి ఒక పదం, రెండు పదాలు, మూడు పదాలు… ఇలా వచ్చే మొత్తాల) సగటు తీసుకోమన్నాడు. ఆ సగటు 1ని ఎప్పుడూ దాటదు. ఎందుకో వచ్చే పాఠంలో.

ఈలోగా ఎన్ = 4కు శిఖరం ఎత్తు కట్టండి. 1.184 రావాలి.