స్పిర్-వి అసెంబ్లర్ మొరాయిస్తే: సమస్య – పరిష్కారం

మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల గ్రాఫిక్స్ డ్రైవర్లు, షేడర్ కంపైలర్ల మీద పనిచేసే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా అప్పగించే పనుల్లో ఒకటి ఇది: తప్పుగా నడుస్తున్న షేడర్‌ను (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామును) డిస్‌అసెంబుల్ చేసి, అంటే బైనరీ నుంచి చదవగలిగే రాతలోకి మార్చి, ఒకటి రెండు లైన్లు చేత్తో మార్చి, మళ్ళీ అసెంబుల్ చేయడం. మార్చడానికి రెండు నిమిషాలు చాలు. అసెంబ్లర్‌ను ఒప్పించడానికి ఒక్కోసారి పూట గడిచిపోతుంది. "అన్నా, లైను సరిగ్గానే ఉంది, అయినా తప్పంటోంది" అని పక్క సీటు నుంచి వినబడితే నేను ఆ లైను చూడను, దాని పై లైను చూస్తాను.

స్పిర్-వి అంటే షేడర్లను డ్రైవర్‌కు అందించే మధ్యస్థ భాష. దాన్ని క్రోనోస్ సంస్థ 2015లో ప్రకటించింది. 2016లో వచ్చిన వల్కన్ అనే గ్రాఫిక్స్ ఏపీఐ షేడర్లను ఈ రూపంలోనే తీసుకుంటుంది. అసలు రూపం 32 బిట్ల వర్డ్‌ల వరుస. అక్షరాల్లో కనిపించేది మన సౌకర్యం కోసం స్పిర్-వి టూల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పెట్టుకున్న రాత పద్ధతి. కింద చెప్పేదంతా ఆ ప్రాజెక్టు అసెంబ్లర్ గురించే. ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైల్లో మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. అసెంబ్లర్‌లో రాతను చదివే భాగమైన పార్సర్‌కు లైను అంటే లెక్క లేదు. కొత్త లైను దానికి మామూలు ఖాళీతో సమానం. ఒక ఆదేశం ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి అది చూసేది ఒక్కటే: తర్వాతి టోకెన్ (ఖాళీల మధ్య ఉండే ముక్క) కొత్త ఆదేశంలా మొదలవుతోందా? అంటే "ఆప్" అనే రెండక్షరాల వెంట పెద్ద అక్షరం ఉండాలి, లేదా % గుర్తుతో ఐడీ (ఆదేశం ఫలితానికి పెట్టే పేరు), తర్వాత =, ఆ తర్వాత ఆప్ రావాలి. అలా లేకపోతే ఆ టోకెన్ పై ఆదేశానికే చెందుతుందనుకుని, వ్యాకరణ పట్టిక ప్రకారం అక్కడ ఏ ఆపరాండ్ (ఆదేశానికి ఇచ్చే విలువ) రావాలో దానితో పోల్చి చూస్తుంది. కోఠిలో తప్పు బస్సెక్కినవాడికి ఆ సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో తెలిసినట్టే, పార్సర్ కూడా కాస్త దూరం వెళ్ళాకే అరుస్తుంది. కాబట్టి సందేశం కనబడగానే వేసుకోవలసిన ప్రశ్న: "ఇక్కడ అది దేనికోసం ఎదురు చూస్తోంది? అలా ఎదురు చూసేలా చేసిన టోకెన్ ఏది?"

సమస్య: ఒకే తప్పుకు రెండు చోట్ల రెండు వేర్వేరు సందేశాలు

ఆప్‌స్టోర్‌లో మొదటి అక్షరం పొరపాటున చిన్నదిగా పడిందనుకోండి. దాని పైన ఆప్‌లేబుల్ ఉంటే, "ఆదేశం మొదట్లో ఆప్‌కోడ్ (ఆదేశం పేరు) గానీ ఫలిత ఐడీ గానీ ఉండాలి" అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. స్పష్టంగానే ఉంది. అదే తప్పు ఆప్‌యాక్సెస్‌చైన్ కింద జరిగితే మాత్రం "ఐడీ % గుర్తుతో మొదలవ్వాలి" అంటుంది. స్టోర్‌లో ఐడీలన్నీ %తోనే ఉన్నాయి కదా అని చూసినవాళ్ళు తల పట్టుకుంటారు.

కారణం: ఆప్‌లేబుల్‌కు ఆపరాండ్లేవీ ఉండవు, అది అక్కడితో ముగుస్తుంది. ఆప్‌యాక్సెస్‌చైన్‌కు సూచికలు ఎన్నయినా ఉండవచ్చు. చిన్న అక్షరంతో మొదలైన స్టోర్ కొత్త ఆదేశంలా కనిపించదు కాబట్టి, దాన్ని ఇంకో సూచిక అనుకుని % కోసం వెతుకుతుంది. ఫిర్యాదు స్టోర్ మీద కాదు, "ఇంకో సూచిక" మీద.

పరిష్కారం: "ఐడీ % తో మొదలవ్వాలి" అన్నప్పుడు ఆ టోకెన్ ఆదేశం పేరేమో మొదట చూడండి. తర్వాత పై ఆదేశం ఎన్ని ఆపరాండ్లనైనా తీసుకునే రకమా అని చూడండి. ఆప్‌ఫంక్షన్‌కాల్, ఆప్‌టైప్‌స్ట్రక్ట్, ఆప్‌కాంపోజిట్‌కన్‌స్ట్రక్ట్, ఆప్‌ఫై అన్నీ ఈ కోవలోవే.

దీనికి అన్న లాంటి తప్పు ఇంకొకటి ఉంది, అది అసలు నోరెత్తదు. ఎవరో ఒక స్టోర్‌ను రెండు లైన్లుగా విరిచి రాశారు. తర్వాత దాన్ని తీసేద్దామని మొదటి లైనుకే ; (వ్యాఖ్య గుర్తు) పెట్టారు. మిగిలిన రెండు ఐడీలు పైనున్న ఆప్‌యాక్సెస్‌చైన్ ఒళ్ళో పడతాయి. అసెంబ్లర్ సంతోషంగా ఫైలు రాసిచ్చేస్తుంది. పట్టుకునేది వాలిడేటరే, అంటే ఫైలు స్పిర్-వి నియమాలకు లోబడి ఉందో లేదో చూసే పరికరమే. అసెంబ్లర్ ఒప్పుకుందంటే రాత కుదిరిందనే అర్థం, అర్థం కుదిరిందని కాదు. అందుకే చేత్తో మార్చిన ఏ ఫైలునైనా వాలిడేటర్ గుండా పంపకుండా డ్రైవర్‌కు ఇవ్వడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

సమస్య: "ఆపరాండ్ కావాలి, కానీ తర్వాతి ఆదేశం కనిపించింది"

ఇది నిజాయితీగల సందేశం. పై ఆదేశంలో తప్పనిసరి ఆపరాండ్ ఒకటి తగ్గింది. ఎక్కువసార్లు తగ్గేది ఫలిత రకం: కూడిక రాసేటప్పుడు రెండు విలువలూ రాసి, ఆప్‌కోడ్ పక్కన ఉండవలసిన రకం ఐడీ మరిచిపోతారు. అప్పుడు మొదటి విలువే రకం స్థానంలో కూర్చుంటుంది, లోటు చివర్లో బయటపడుతుంది. కాబట్టి చివర ఏదో చేర్చేయకుండా, ఆపరాండ్లను ఎడమ నుంచి వేలు పెట్టి లెక్కపెట్టండి.

సమస్య: సందేశంలో ఒకే టోకెన్‌గా నాలుగైదు లైన్లు కనిపిస్తున్నాయి

మూయని కొటేషన్ గుర్తు. కొటేషన్ లోపల ఉన్నంతసేపు ఖాళీలూ కొత్త లైన్లూ టోకెన్‌ను ఆపలేవు. మూత కోసం పార్సర్ కింది ఆప్‌నేమ్ దాకా పోయి, దాని ప్రారంభ గుర్తునే మూతగా తీసుకుంటుంది. అక్కడి నుంచి లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగబడుతుంది. ఆ పొడవాటి టోకెన్ ఏ లైన్లో మొదలైందో, తప్పు ఆ లైన్లోనే ఉంది. తక్కినవి ముట్టుకోవద్దు.

సమస్య: కంటికి ఏ తేడా లేదు, అయినా మొదటి టోకెన్ దగ్గరే ఆగిపోతోంది

పక్కవాళ్ళు వాట్సాప్‌లో పంపిన ముక్కను అతికించారా? అయితే నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లు అయి ఉండవచ్చు, మామూలు ఖాళీ స్థానంలో విడగొట్టని ఖాళీ చేరి ఉండవచ్చు. పార్సర్ లెక్కలో ఖాళీలంటే మామూలు స్పేస్, ట్యాబ్, కొత్త లైను. విడగొట్టని ఖాళీ దానికి అక్షరంతో సమానం, కాబట్టి రెండు టోకెన్లు ఒకటిగా అతుక్కుపోతాయి. తెలుగు టైపు చేసేవాళ్ళకు మరో ప్రత్యేక బెడద ఉంది. పొల్లు తర్వాత అక్షరం విడిగా రావడానికి మనం వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ కీబోర్డు మార్చే తొందరలో ఐడీ మధ్యలో పడిందంటే ఏ ఎడిటరూ మామూలుగా చూపించదు.

కంటిని నమ్మకండి, బైట్లు చూడండి. హెక్స్ డంప్ తీసి దశాంశంలో చదివితే విడగొట్టని ఖాళీ 194, 160గా, నాన్ జాయినర్ 226, 128, 140గా కనబడతాయి. ఫైలు మొదట్లోనే 239, 187, 191 ఉంటే అది బైట్ ఆర్డర్ మార్క్. ఎడిటర్‌లో అది లేని యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి. 255, 254తో మొదలై ప్రతి అక్షరం తర్వాత ఒక సున్నా ఉంటే ఫైలు యూటీఎఫ్-16లో ఉన్నట్టు. పాత విండోస్ పవర్‌షెల్‌లో డిస్‌అసెంబ్లర్ అవుట్‌పుట్‌ను > గుర్తుతో ఫైలుకు మళ్ళిస్తే జరిగేది ఇదే. మళ్ళించడం మానేసి, అవుట్‌పుట్ ఫైలు పేరును డిస్‌అసెంబ్లర్‌కే ఇవ్వండి.

ఇంకో చిన్న సంగతి: =కు రెండు వైపులా ఖాళీ తప్పనిసరి, ఆపరాండ్ల మధ్య కామాలు ఉండకూడదు. సి భాష నుంచి వచ్చిన చేతులు రెండింటినీ మరిచిపోతాయి.

సమస్య: సంఖ్య సరిగ్గానే ఉంది, కానీ చెల్లదంటోంది

ఆప్‌కాన్‌స్టెంట్ పక్కన రాసిన సంఖ్యను ఎలా చదవాలో ఆ సంఖ్యను చూసి నిర్ణయించరు, దాని రకాన్ని చూసి నిర్ణయిస్తారు. రకం అన్‌సైన్డ్ (ధన, రుణ గుర్తు లేని) పూర్ణాంకమైతే -1 చెల్లదు. పూర్ణాంకమైతే 1.5 చెల్లదు. దశాంశ రకానికి 1.5 చివర షేడర్ భాషల అలవాటు కొద్దీ ఎఫ్ అక్షరం తగిలించినా చెల్లదు. 16 బిట్ల రకానికి 70000 పట్టదు.

రకం ప్రకటన ఫైల్లో కింద ఎక్కడో ఉంటే? మామూలు ఐడీలను ముందే వాడి తర్వాత ప్రకటించినా అసెంబ్లర్ ఊరుకుంటుంది. ఇక్కడ మాత్రం ఊరుకోలేదు, ఎందుకంటే ఎన్ని వర్డ్‌లు రాయాలో దానికి ఆ క్షణంలోనే తెలియాలి: 32 బిట్లకు ఒకటి, 64 బిట్లకు రెండు. ఆప్‌స్విచ్‌దీ ఇదే కథ. కేసు సంఖ్యల వెడల్పు సెలెక్టర్ రకాన్ని బట్టి ఉంటుంది. రకాలను పైకి జరిపితే రెండూ తీరిపోతాయి. ఆప్‌ఎక్స్‌ట్‌ఇన్‌స్ట్‌లో వర్గమూలం లాంటి పేరు రాసినప్పుడూ అంతే. జీఎల్ఎస్ఎల్ 450 సెట్ ఇంపోర్ట్ అంతకు ముందే కనబడి ఉంటేనే ఆ పేరు 31గా మారుతుంది.

సమస్య: మాస్క్ ఆపరాండ్ల దగ్గర గందరగోళం

మాస్క్ అంటే కొన్ని ఐచ్ఛికాలను బిట్లుగా కలిపి ఇచ్చే ఆపరాండ్. ఆప్‌లోడ్ చివర వోలటైల్, అలైన్డ్ రెండూ కావాలంటే మధ్యలో | పెట్టి ఖాళీ లేకుండా రాయాలి. ఖాళీలు వదిలితే, ఉదాహరణకు అలైన్డ్ ముందు రాసి ఖాళీ ఇచ్చి | పెడితే, పార్సర్ అలైన్డ్‌తోనే మాస్క్ ముగిసిందనుకుంటుంది. అలైన్డ్ తన వెంట ఒక సంఖ్యను కోరుతుంది. ఆ స్థానంలో | కనబడేసరికి "ఇది సంఖ్య కాదు" అంటుంది.

అరిచే తప్పు కాబట్టి ఇది నయం. టెక్స్చర్ నమూనా తీసే ఆదేశాల్లో లాడ్ (వివరాల స్థాయి), కాన్‌స్ట్‌ఆఫ్‌సెట్ కలిపి వాడేటప్పుడు జరిగేది అసలు ప్రమాదం. మాస్క్‌లో పేర్లను ఏ వరుసలో రాసినా ఒకటే, కానీ వాటి వెంట వచ్చే ఐడీలు మాత్రం చిన్న బిట్ నుంచి పెద్ద బిట్ వరుసలో ఉండాలి. లాడ్ విలువ 2, కాన్‌స్ట్‌ఆఫ్‌సెట్ విలువ 8. అంటే పేర్లలో ఆఫ్‌సెట్‌ను ముందు రాసినా, ఐడీల్లో లాడ్‌దే ముందు రావాలి. రెండూ ఐడీలే కనుక అసెంబ్లర్‌కు తేడా తెలియదు.

సమస్య: తెలుగు పేరు పెడితే ఒకచోట చెల్లుతోంది, ఒకచోట చెల్లడం లేదు

ఆప్‌నేమ్‌లో కొటేషన్ల మధ్య "రంగు" అని రాయవచ్చు, ఆ భాగం యూటీఎఫ్-8. % పక్కన ఐడీగా రాయలేరు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. డిస్‌అసెంబ్లర్ ఆప్‌నేమ్ పేరుతోనే ఐడీ తయారు చేసేటప్పుడు చెల్లని ప్రతి బైట్‌నూ అండర్‌స్కోర్‌గా మారుస్తుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. "రంగు"లో ర, సున్నా, గ, కొమ్ము కలిపి నాలుగు, కాబట్టి ఐడీ స్థానంలో పన్నెండు అండర్‌స్కోర్లు వస్తాయి. పన్నెండు బైట్ల తెలుగు పేరు మరొకటి ఉంటే దాని చివర _0 తగులుతుంది. ముడి ఐడీల ఐచ్ఛికంతో డిస్‌అసెంబుల్ చేస్తే అంకెలు వస్తాయి, చదవడానికి అవే నయం.

సొంతంగా అసెంబ్లర్ రాసుకునేవాళ్ళకు ఇదే పేరు మంచి పరీక్ష. పన్నెండు బైట్లు సరిగ్గా మూడు వర్డ్‌లు. కానీ స్ట్రింగ్ సున్నా బైట్‌తో ముగియాలి కాబట్టి నాలుగో వర్డ్ మొత్తం సున్నాలతో చేరాలి. ఆప్‌కోడ్ వర్డ్ ఒకటి, ఐడీ ఒకటి, స్ట్రింగ్ నాలుగు, వెరసి ఆరు. ఆప్‌నేమ్ సంఖ్య 5. పై 16 బిట్లలో వర్డ్‌ల లెక్క, కింది 16లో ఆప్‌కోడ్ వెళ్తాయి కనుక మొదటి వర్డ్ హెక్స్‌లో 00060005 కావాలి. మీది 00050005 ఇస్తోందంటే పైకి గుండ్రం చేసే లెక్కలో సున్నా బైట్‌ను కలపలేదన్నమాట. ఇంగ్లీషులో "మెయిన్" నాలుగక్షరాలే కావడంతో ఈ తప్పు చాలామందికి మొదటి షేడర్‌లోనే ఎదురవుతుంది.

సమస్య: ఆప్‌స్ట్రింగ్‌లో రాసిన విండోస్ దారి చెడిపోయి వస్తోంది

\ తర్వాతి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, \ను మింగేస్తుంది. సి:\షేడర్లు\నీడ అని రాస్తే సి:షేడర్లునీడ అవుతుంది. ఎన్ అక్షరం ముందు పెడితే కొత్త లైను కూడా రాదు, ఎన్ అక్షరమే మిగులుతుంది. \\ అని రెండుసార్లు రాయండి.

సమస్య: వాలిడేటర్ చెప్పే ఐడీ నంబరు ఫైల్లో వేరే చోట ఉంది

%12 అని రాసినంత మాత్రాన ఆ ఐడీ 12 కాదు. అసెంబ్లర్‌కు అది కూడా పేరే. మొదట కనబడిన వరుసలో కొత్త సంఖ్యలు ఇచ్చుకుంటూ పోతుంది. అంకెల ఐడీలను అలాగే ఉంచమనే ఐచ్ఛికం (ప్రిజర్వ్ న్యూమరిక్ ఐడీస్) పెడితే రెండూ కలుస్తాయి.

ఫైలు పైన ; వెంట కనిపించే వెర్షన్ లైనూ ఇలాంటిదే. అది వ్యాఖ్య మాత్రమే. అక్కడ 1.6ను 1.3గా దిద్దినా పార్సర్ దాన్ని దాటేసి పోతుంది, హెడర్‌లో తన డిఫాల్ట్ వెర్షనే రాస్తుంది. పాత డ్రైవర్ మీ మాడ్యూల్‌ను గుమ్మంలోనే తిప్పి పంపుతోందంటే, అసెంబ్లర్‌కు టార్గెట్ ఎన్విరాన్‌మెంట్ ఐచ్ఛికంతో కావలసిన వెర్షన్ చెప్పి మళ్ళీ అసెంబుల్ చేయండి.